సీలింగు మీద అరవై రెండు సున్నాలు

ఆదివారం పొద్దున ఏడింటికి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, భూతద్దం ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు.

"పదకొండింటికల్లా హాలు సీలింగుకి రంగు వెయ్యడం అయిపోతుంది. పన్నెండింటికి స్నానం. ఒంటిగంటకి భోజనం. ఆ తర్వాత ఓ గంట కునుకు. సాయంత్రం నీ చాపలు కూడా నేనే పరిచేస్తాను."

"మీరు వేస్తారా? మరి పెయింటరేడి?" అంది భార్య.

"అతనికి కుదర్లేదట."

కుదరని మాట నిజమే. కాకపోతే కుదరంది పెయింటరుకి కాదు. ముందు రోజు సాయంత్రం ఆ పెయింటరు వచ్చి, తలెత్తి సీలింగు వంక ఒక్క చూపు చూసి, "పొద్దున్నే మొదలెడితే సాయంత్రానికి ఇచ్చేస్తా సార్" అన్నాడు. ఒకే ఒక్క చూపు! నిచ్చెన ఎక్కలేదు, టార్చి వెయ్యలేదు, కనీసం గోటితో గీకి చూడలేదు. అలాంటి మనిషికి ఇల్లెలా అప్పగిస్తామని భూతద్దానికి ఒళ్లు మండిపోయింది. పెయింటరు వీధి మలుపు తిరిగాడో లేదో ఫోన్ చేసి, రానక్కర్లేదని చెప్పేశాడు. ఆ ముక్క ఇంట్లో ఎవరి చెవినా వెయ్యలేదు.

భూతద్దం ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఎక్కడో ఉంది, దాన్ని ఎవరూ కదపరు. ఆఫీసులకు కొనే కుర్చీలు, బల్లలు, బీరువాలు మంచివో కావో తేల్చే తనిఖీ అధికారి ఆయన. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన చేతుల మీదుగా ఒక్క కుర్చీ కూడా మొదటిసారికే గుమ్మం దాటి లోపలికి రాలేదు. సరుకు మీద టార్చి అడ్డంగా వేసి, ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో అలా చూస్తూ ఉండిపోతాడు. తెచ్చినవాడు ఈలోగా చెమటలు తుడుచుకుంటూ ఉంటాడు. ఇంతా చేసి ఆయన తన జీవితంలో ఒక కుర్చీగానీ, కనీసం ఓ పీటగానీ స్వయంగా చేసిన పాపాన పోలేదు.

ఇంతకీ ఈ సీలింగు తొందరేమిటంటే, సోమవారం పొద్దున ఏడింటికి ఆ హాల్లో ఆరుగురు మనుషులు వెల్లకిలా పడుకోబోతున్నారు. ఆయన భార్య పదకొండేళ్లపాటు ఓ ఫిజియోథెరపీ కేంద్రంలో నడుం నొప్పుల వాళ్లకి, మెడ నొప్పుల వాళ్లకి వ్యాయామాలు చేయించింది. మూడు నెలల కిందట ఆ కేంద్రం మూతపడింది. ఒకరి కింద చేసింది చాలు, ఇక ఇంట్లోనే తరగతి పెడతానని ఆమె పట్టుబట్టింది. తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ అడగ్గా అడగ్గా ఆరుగురు తేలారు. వాళ్లు కూడా మొదటి రోజు చూసి, నచ్చితేనే చేరతామన్నారు. ఆరుగురిలో పెద్దావిడ ఓ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఊ అంటే మిగతా ఐదుగురూ ఊ అంటారు, ఆవిడ లేచి చెప్పులేసుకుంటే వాళ్లూ వేసుకుంటారు.

ఈ తరగతి నిలబడకపోతే ఊరికి ఆ చివర ఆసుపత్రిలో ఓ ఉద్యోగం ఉంది. రెండు బస్సులు మారాలి, రాత్రి షిఫ్టులు కూడా పడతాయి. వస్తారో రారో మంగళవారంలోగా చెప్పమన్నారు. ఆ ఉద్యోగమంటే ఆమెకి భయం, తరగతి అంటే అంతకన్నా భయం. దానికి తోడు హాలు సీలింగు నట్టనడుమ, పై అంతస్తు పైపు కారినప్పుడు పడిన మచ్చ ఒకటి, టీ రంగులో, అన్నం పళ్లెమంత ఉంది. పైపు బాగు చేయించారు గానీ మచ్చ అలాగే ఉండిపోయింది.

"వెల్లకిలా పడుకున్నవాళ్లకి కనపడేది అదేనండీ," అంది ఆమె. "ఇంటి కప్పే సరిగ్గా పెట్టుకోలేనిది మన నడుములేం సరిచేస్తుంది అనుకోరూ?"

"నీకెందుకు భయం? నేనున్నానుగా."

"అదేరా దాని భయం," అంది కిటికీ పక్క పడక్కుర్చీలోంచి ఆయన తల్లి.

హాల్లో సామానంతా గదుల్లోకి జరిపారు. తల్లి మాత్రం జరగనంది. పొద్దుటి ఎండ అక్కడే పడుతుందనీ, ముప్పై ఏళ్లుగా తాను ఏ రంగుకీ భయపడి లేవలేదనీ చెప్పింది. చేసేది లేక ఆవిడకి మెడ దాకా పాత దుప్పటి చుట్టి, తలకి తువాలు కట్టి, కుర్చీతో సహా అలాగే ఉంచేశారు. ఆ ఏర్పాటు ఆవిడకి బాగానే నచ్చింది.

నిచ్చెన ఎక్కిన భూతద్దం మచ్చని దగ్గర్నుంచి చూసి ఓ చిరునవ్వు నవ్వాడు. "ఇంతోటి మచ్చకి సీలింగంతా రంగెందుకే? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? దీని మీద నాలుగు సార్లు బ్రష్షు ఆడిస్తే సరి." అని ఓ చిన్న డబ్బా తెరిచి, మచ్చ ఉన్నంత మేర నాజూగ్గా రంగు పూసి, కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

మచ్చ మాయమైంది. దాని చోట పళ్లెమంత తెల్లటి తెలుపు తళతళలాడుతోంది. ఇన్నేళ్లూ తెల్లగా ఉందనుకున్న సీలింగు నిజానికి తెల్లగా లేదన్న సంగతి ఇంటిల్లిపాదికీ అప్పుడు తెలిసింది.

"ఇందాక మచ్చ ఒక్కటే మచ్చరా," అంది తల్లి తలెత్తి. "ఇప్పుడు అది తప్ప మిగతాదంతా మచ్చే."

ఇక తప్పదు. భూతద్దం రంగుల దుకాణానికి పరిగెత్తాడు. దుకాణదారు పాతకాలం మనిషి. సీలింగుకంటే మెరుపు లేని రంగు తీసుకోండి, మెరిసేది వేస్తే పక్కనుంచి వెలుతురు పడినప్పుడు ప్రతి గీతా పైకి తేలుతుంది అని ఓపిగ్గా చెప్పాడు. భూతద్దం మెరుపు లేని రంగు పూసిన నమూనా రేకుని తీసుకుని, టార్చి వేసి, ఎడమ కన్ను మూసి చూశాడు.

"ఇందులో నిగారింపు లేదు."

"ఉండకూడదనే కదండీ దాన్ని చేసింది!"

"లోపం ఉండాలనే చేశామని నాతో చాలామంది చెప్పారు లెండి. ఆ మెరిసేదివ్వండి."

దుకాణదారు రెండు చేతులూ జోడించి మెరిసేదిచ్చాడు.

పది గంటలకి పొడుగు కర్రకి రోలరు తగిలించి కిటికీ వైపు నుంచి మొదలుపెట్టాడు. న్యాయంగా చెప్పుకోవాలంటే మొదటి పావుగంట పని బాగానే నడిచింది. రోలరు సాఫీగా దొర్లుతోంది, రంగు సమంగా పరుచుకుంటోంది, తల్లి మొహం మీద నాలుగు చుక్కలు తప్ప నష్టమేమీ లేదు. భార్య తలుపు దగ్గర నిలబడి చూసి, పరవాలేదు, ఈయన చేసేలాగే ఉన్నాడు అనుకుంది. అలాగే ఇంకో అరగంట వేసుకుంటూ పోయి ఉంటే ఈ కథే లేదు.

సరిగ్గా సగం సీలింగు అయ్యేసరికి ఆయనలోని తనిఖీ అధికారి నిద్ర లేచాడు. రోలరు కింద పెట్టి, టార్చి తీసి, వేసినంత మేరా పక్కనుంచి చూడ్డం మొదలెట్టాడు. తడి రంగు కదా, ఓ చోట ముదురుగా, ఓ చోట లేతగా కనపడుతుంది. రోలరు అంచుల గీతలు సన్నగా తేలి ఉంటాయి. ఆరేకొద్దీ అవన్నీ సర్దుకుంటాయన్నది రంగు పని చేసే ఎవరికైనా తెలుసు. కానీ భూతద్దం రంగు ఆరడం ఎన్నడూ చూసినవాడు కాదు.

"తొమ్మిది!" అన్నాడు.

"ఏం తొమ్మిది?" అంది భార్య.

"లోపాలు. మొదటి పూతలోనే తొమ్మిది."

"ఆరనివ్వండీ. ఆరాక కలిసిపోతాయేమో."

"ఆరితే లోపం దాక్కుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి."

మళ్లీ కనపడకుండా పోతాయేమోనని ఆయన చొక్కా జేబులోంచి ఆఫీసు మార్కరు తీశాడు. ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, లోపమున్న చోట ఊదా రంగు మార్కరుతో పిడికిలంత సున్న చుట్టి, లోపల వరుస అంకె వెయ్యాలి. అరచేతి వెడల్పు బల్ల మీదైనా సరే, అంకె లేని లోపం లోపం కిందికి రాదు. నిచ్చెన అటూ ఇటూ జరుపుకుంటూ, పైపైన ఆరిన చోటల్లా తొమ్మిది సున్నాలు చుట్టి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాడు. తర్వాత బ్రష్షు తీసుకుని ఒక్కో సున్న లోపలా దిద్దడం మొదలెట్టాడు.

సగం ఆరిన రంగు మీద బ్రష్షు పెడితే ఏమవుతుంది? మీగడ కట్టిన పాల మీద వేలు పెడితే ఏమవుతుందో అదే అవుతుంది. ప్రతి దిద్దుబాటూ కింది పొరని లాక్కొచ్చింది, పక్కన ఇంకో రెండు మచ్చలు మిగిల్చింది. వాటికీ సున్నాలు పడ్డాయి. తొమ్మిది కాస్తా ఇరవై మూడయ్యాయి. అవి దిద్దేసరికి నలభై ఒకటి. ఈలోగా ఆపేసిన సగం దగ్గర అంచు గట్టిగా ఆరిపోయి, మిగతా సగానికి రంగు వేస్తే మధ్యలో గోడ కట్టినట్టు నిలువునా గీత తేలింది. ఆ గీత మీద మరి కొన్ని. పన్నెండింటికి స్నానం లేదు, ఒంటిగంటకి భోజనం లేదు. భార్య రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవడం మానేసింది. మూడు గంటలకి లెక్క అరవై రెండు దగ్గర ఆగింది. అదీ సీలింగులో ఖాళీ లేక ఆగింది.

"ఏం పరవాలేదు," అన్నాడు భూతద్దం. "ఇప్పుడు మొత్తం మీద ఒక్క పూత పడితే అన్నీ కప్పుకుపోతాయి."

వేశాడు. ఈసారి ఆగకుండా వేశాడు. సున్నాలన్నీ తెల్లరంగు కింద మునిగిపోయాయి. భార్య పైకి చూసి, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. పది నిమిషాలు గడిచాయి.

"ఒరేయ్, పదిహేడు వస్తోంది," అంది తల్లి.

"ఎక్కడమ్మా?"

"ఫ్యాను పక్కన. అదుగో, దాని వెనకే నాలుగు. ముప్పై రెండు కూడా తొంగి చూస్తోంది."

తడి ఆరే కొద్దీ ఊదారంగు సున్నాలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. అంకెలతో సహా, వరస తప్పినా లెక్క తప్పకుండా అరవై రెండూ తిరిగొచ్చాయి. భూతద్దం ఇంకో పూత వేశాడు. మళ్లీ వచ్చాయి. అప్పుడాయన మార్కరు తిప్పి, దాని మీది చిన్న అక్షరాలు చదివాడు. ఏ రసాయనానికీ, ఏ రంగు పూతకీ చెరగదని ఉంది. ఉండక ఏమవుతుంది? లోపాల మీద రంగేసి మళ్లీ అదే సరుకు తెస్తున్నారని, మూడేళ్ల కిందట ప్రత్యేకంగా ఇలాంటి మార్కరే కావాలని పట్టుబట్టింది ఆయనే. స్వయంగా పరీక్షించి, "మిక్కిలి సంతృప్తికరము" అని రాసి సంతకం పెట్టిందీ ఆయనే. ఇరవై రెండేళ్లలో ఆయన సంతృప్తి చెందిన సరుకు అదొక్కటి.

ఆ అక్షరాలు చదివి తలెత్తి సీలింగు వంక చూశాడు. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది. పొద్దుట్నుంచీ ఏడు గంటలు పైకే చూస్తున్న మెడ ఇక దిగనని మొరాయించింది.

"ఏమేవ్! మెడ పట్టేసింది!"

ఆమె పరిగెత్తుకొచ్చి పట్టుకుని మెల్లగా నేల మీద పడుకోబెట్టింది. ఆమెకి ఎంత కోపం ఉన్నా చేతులు మాత్రం పదకొండేళ్ల అలవాటు కొద్దీ మెడ కింద సరైన చోటనే పడ్డాయి.

అయిదింటికి తలుపు కొట్టిన చప్పుడైంది. పెయింటరు. దుప్పటి చాటు నుంచి తల్లే ఫోన్ చేసి రప్పించింది. అతను లోపలికి వచ్చి, నేల మీద ఆకాశం చూస్తూ పడున్న ఇంటాయన్ని చూసి, తర్వాత ఆయన చూస్తున్న వైపు తలెత్తాడు.

"అమ్మా, ఆ నంబర్లేంటి? అన్ని ఫ్యాన్లు బిగిస్తున్నారా?"

"నీకే కుదిరుంటే ఇదంతా ఎందుకయ్యా?" అంది భార్య ఏడుపు గొంతుతో. "రానని ముందే చెప్తే ఇంకొకర్ని చూసుకునేవాళ్లం కదా!"

"నేనెప్పుడు రానన్నానమ్మా? సారే నిన్న సాయంత్రం ఫోన్ చేసి రావద్దన్నారు!"

భూతద్దానికి తల పక్కకి తిప్పుకునే సౌకర్యం కూడా లేకపోయింది. కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరవండి," అంది భార్య. "నాకు కోపం కన్నా ఏడుపొస్తోందండీ. మీ కుర్చీలూ బల్లలూ అనుకున్నారా ఇది? ఇది నా బతుకు. రేపు వాళ్లు వచ్చి ఇది చూసి వెళ్లిపోతే, ఎల్లుండి నుంచి రెండు బస్సులు మారి పోయేది మీరు కాదు, నేను."

తప్పయిపోయిందన్న మాట ఆయన నోట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు. ఇప్పుడు విన్నారు గానీ, చాలా చిన్నగా వినపడింది.

పెయింటరు జాలిపడి, నిచ్చెన ఎక్కి గోటితో గీకి చూశాడు. "ఈ పూటకి నేనేమీ చెయ్యలేనమ్మా. పచ్చి మీద పచ్చి నాలుగు పొరలున్నాయి. పూర్తిగా ఆరాలి, గరుకు కాగితంతో రుద్దాలి, ఆ ఊదారంగు పైకి రాకుండా అడుగున వేరే పూత వెయ్యాలి, అప్పుడు రంగు. రేపు మధ్యాహ్నం వస్తా." దిగుతూ దిగుతూ కింద ఉన్నాయన్ని చూసి అన్నాడు. "తడి అంచు ఆరకముందే పక్క వరస పడిపోవాలి సార్. మధ్యలో ఆగకూడదు. వేసింది ఆరేదాకా దాని మొహం చూడకూడదు. మా పనిలో రహస్యమంతా అదే."

రేపటి తరగతి వాయిదా వేద్దామని ఆమె హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. "మొదటి రోజే వాయిదా వేసే బడి నేనెక్కడా చూళ్లేదమ్మా" అని ఆవిడ పెట్టేసింది. ఇక కుడితిలో పడ్డ ఎలక సామెతే. ఆమె చాపలు పరుచుకుంది.

సోమవారం ఏడింటికి రమ్మంటే హెడ్‌మిస్ట్రెస్ ఆరు ముప్పావుకే వచ్చేసింది, వెనకాల ఐదుగురితో. మెడ దిగని భూతద్దం ఇంకా హాల్లోనే నేల మీద ఉన్నాడు. దాచడానికి వ్యవధి లేక, భార్య ఆయన కింద కూడా ఓ చాప తోసి ఏడో విద్యార్థిని చేసేసింది. ఆరుగురూ చాపల మీద వెల్లకిలా పడుకున్నారు. ఆరు జతల కళ్లు ఒక్కసారి పైకి చూశాయి.



"ఏమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్, "ఆ అంకెలేమిటి?"

క్షమించండి అనే మాట భార్య నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో హెడ్‌మిస్ట్రెస్ "ఒకటి" కోసం కిటికీ వైపు వెతకడం, వెతుకుతూ మెడ కుడికి తిప్పడం, తర్వాత "రెండు" కోసం తలుపు వైపు మెల్లగా ఎడమకి తిప్పడం ఆమె కంట పడింది. కేంద్రంలో ఎంత మొత్తుకున్నా ఎవరూ అంత నెమ్మదిగా మెడ తిప్పేవారు కాదు.

"అవి... వ్యాయామం కోసమేనండీ," అంది. "ఒకటి మీద చూపు నిలిపి ఊపిరి పీల్చండి. వదులుతూ మెల్లగా మెడ తిప్పి రెండుని పట్టుకోండి. తొందరపడకండి. ఊఁ, ఇప్పుడు మూడు."

లోపాలు కనపడ్డ వరసలో వేసిన అంకెలాయె, ఒకటి ఇక్కడుంటే రెండు అక్కడుంది. మెడలు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. నడుముల దగ్గరికి వచ్చేసరికి కుడి మోకాలు పదకొండు వైపు, ఎడమ మోకాలు ముప్పై వైపు వాల్చమంది. జనానికి హుషారు పుట్టింది.

"నలభై ఒకటి ఎక్కడండీ?" అని ఎవరో అడిగారు.

"ఫ్యానుకి ఎడమ పక్క, జానెడు దూరం," అన్నాడు చాప మీంచి భూతద్దం. సీలింగులో ఏ లోపం ఎక్కడుందో ఆయనకి కంఠతా వచ్చు. యాభై నాలుగుని చూపించబోతూ తనకి తెలియకుండానే తల తిప్పాడు. మెడ టక్కుమని తిరిగింది.

తరగతి అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ లేచి నిలబడి, అటోసారి ఇటోసారి ఒళ్లు తిప్పి చూసుకుంది. "ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పానమ్మా. పాఠాన్ని ఇంటి కప్పు మీద రాయాలని నాకు తట్టలేదు," అని అక్కడికక్కడే చేరిపోయింది. ఐదుగురూ చేరారు. అంతటితో ఆగక, మా వాకింగు సంఘంలో ఇంకా నడుములు చాలా ఉన్నాయి రమ్మని, భార్య చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ ఆనందంలో ఆమెకి మధ్యాహ్నం రావలసిన పెయింటరు గుర్తే లేడు.

భూతద్దానికి గుర్తున్నాడు. పాపం, పిచ్చిది ఏదో అప్పటికప్పుడు మాట కల్పించి పరువు నిలబెట్టుకుంది, రోజూ అలా ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది అనుకున్నాడు ఆయన. ఆయన దృష్టిలో లోపం లోపమే. దాని కింద పడుకుని ఊపిరి పీల్చినంత మాత్రాన అది గుణమైపోదు. అందుకని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పెయింటరు కోసం గుమ్మంలో కాచుకున్నాడు. నిన్నంతా కదలనన్న తల్లి, ఇక ఆ రంగు వాసన పడట్లేదని లోపలి గదిలో తలుపేసుకుని పడుకుంది.

"అమ్మగారు లేరా? ఓ మాట అడిగితే బావుంటుందేమో సార్," అన్నాడు పెయింటరు.

"అడిగేదేముంది? వచ్చేసరికి ఆశ్చర్యపోవాలి."

పెయింటరు రుద్దాడు, అడుగు పూత వేశాడు, మెరుపు లేని రంగు రోలరుకెక్కించి, ఆగకుండా, మాట్లాడకుండా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేసుకుంటూ పోయాడు. భూతద్దం ఒట్టు పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రెండో పూత కూడా ఆరిందని పెయింటరు చెప్పాకే తలెత్తాడు. టార్చి వేశాడు. ఎడమ కన్ను మూశాడు. కుడి కన్నూ మూసి, మళ్లీ తెరిచి చూశాడు. గీత లేదు, అతుకు లేదు, చుక్క లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే తెలుపు, ఒకే నునుపు. ఆయన కంట నీళ్లు తిరిగాయి.

"వేలు పెట్టడానికి చోటే లేదయ్యా!" అన్నాడు పెయింటరు భుజం పట్టుకుని.

ఆరింటికి భార్య తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. వెనక హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ వెనక వాకింగు సంఘం నుంచి పదకొండు మంది. "ఏమండీ, వీళ్లందరూ రేపట్నుంచి వస్తారట! దార్లోనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఉద్యోగం వద్దని చెప్పేశాను! అంకెలు చూస్తామంటే..." అంటూ పైకి చూసింది.

పదమూడు తలలు పైకి లేచాయి. చాలాసేపు దేని కోసమో వెతికాయి.

"సమంగా వచ్చింది కదూ?" అన్నాడు భూతద్దం వెలిగిపోతున్న మొహంతో.

"అంకెలేవమ్మా?" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇలాంటి సీలింగు మా ఇంట్లోనూ ఉంది. దీని కింద పడుకోవడానికి ఇంత దూరం రావడం ఎందుకు?"

పదకొండు మందీ గుమ్మం దగ్గరి చెప్పుల వైపు చూడ్డం మొదలెట్టారు. భార్య మొగుడి వంక చూసింది, అంతే. ఆ చూపులో రెండు బస్సులూ ఉన్నాయి. వెలుగుతున్న ఆయన మొహం మెల్లగా ఆరిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో వంక పెట్టలేని పని ఆయన కంటపడింది ఇవాళే. దాని వంక ఒకసారి, భార్య వంక ఒకసారి చూశాడు.

"పాతవి కాస్త వంకరగా ఉన్నాయని తీయించానండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "కూర్చోండి. కొత్తవి ఇప్పుడే వేసేస్తాను."

చొక్కా జేబులోంచి మార్కరు తీసి నిచ్చెన వైపు నడిచాడు. "సార్! వద్దు సార్! మీకు దండం పెడతాను సార్!" అని పెయింటరు నిచ్చెన కాళ్లు పట్టుకున్నాడు. భార్య అతన్ని పక్కకి తప్పించి, నిచ్చెన తనే పట్టుకుంది. ఆయన పైకెక్కి, ఆ నున్నటి తెలుపు మీద కిటికీ వైపు మొదటి సున్న చుట్టాడు.

లేని లోపాలకి సున్నాలు చుట్టడం ఆయనకి కొత్తేమీ కాదు గనక, అరవై రెండూ అరగంటలో పూర్తయ్యాయి.